ఎడమచేతి వాటం దొర

మార్చి 3

మావయ్యకి నమస్కారాలు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని అత్తయ్య అడిగితే, ఫోనులో నువ్వు సగమే వింటావనీ, ఆ సగానికీ వేరే జవాబు చెబుతావనీ చెప్పు.

నేనీ నగరానికి వచ్చి ఆరు రోజులైంది. గైడు ఉద్యోగంలోకి తీసుకున్నారు గానీ లైసెన్సు ఇంకా చేతికి రాలేదు. ఇరవై అయిదో తారీకున పరీక్ష. కాగితం మీద రాసేది కాదు. దొరల కాలం నాటి పెద్ద చౌక్‌లో పరీక్ష పెట్టే ఆవిణ్ణి వెంటబెట్టుకుని చుట్టూ తిప్పుతూ ప్రతి కట్టడం గురించీ చెప్పాలి. తప్పితే ఇంకొక్క అవకాశమిస్తారట. అదీ తప్పితే పెట్టె సర్దుకోవడమే. అమ్మ అప్పుడే ఇంట్లో నా గది ఊడ్పించి ఉంచిందని విన్నాను.

ట్రైనింగు ఊరి చివర ఒక రేకుల షెడ్డులో జరుగుతోంది. చౌక్‌ని బస్సు కిటికీలోంచి ఒక్కసారి చూశాను, అదీ ఒక లావుపాటాయన భుజం మీదుగా. మాకిచ్చిన పుస్తకంలో సంవత్సరాలు తప్ప ఏమీ లేవు. పరీక్ష పెట్టే ఆవిడకి అవి వింటే ఆవలింతలొస్తాయట. ఏ స్తంభానికి పగులుంది, ఏ విగ్రహానికి ముక్కు లేదు లాంటివి చెబితే గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని వింటుందట.

అలాంటివి నీకంటే ఎవరికి తెలుసు? నోటు పుస్తకాల అట్టల కోసం ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రెస్సులో కూర్చుని ఆ చౌక్ బొమ్మనే అచ్చు బ్లాకులుగా చెక్కావు. పెళ్లికి ముందు నాలుగు రోజులు అక్కడే ఉండి అన్నీ గీసుకొచ్చావని అత్తయ్య గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. తీరిక చేసుకుని అంతా రాసి పంపు. బట్టీ పట్టడంలో నాకు ఎదురు లేదని నీకు తెలుసు.

నీ వసపిట్ట

మార్చి 8

వసపిట్టకి ఆశీస్సులు.

తీరిక చేసుకోమన్నావు. రిటైరయ్యాక నాకున్నదంతా అదే. నీ ఉత్తరం చదివి వినిపించాక మీ అత్తయ్య నాకు అడక్కుండానే రెండోసారి టీ ఇచ్చింది. అంటే నా పరపతి ఇంట్లో ఎంత పెరిగిందో చూడు.

ఇక విను. గడియార స్తంభానికి వీపు ఆనించి నిలబడు. ఎదురుగా గవర్నరు బంగళా. ఎడమ పక్కన పెద్ద పోస్టాఫీసు, కుడి పక్కన కోర్టు. పోస్టాఫీసు పై అంతస్తులో తొమ్మిది కిటికీలు. ఎడమ నుంచి మూడోదాని తలుపులు మూసే ఉంటాయి. కోర్టుకి ఎనిమిది స్తంభాలు. వాటిలో కుడి నుంచి రెండోదానికి పైనుంచి కిందిదాకా పగులు. బంగళా మెట్లకి అటొకటీ ఇటొకటీ సింహాలు. కుడివైపు సింహానికి మూతి విరిగింది.

నడుమ గుర్రం మీద దొర విగ్రహం. గుర్రం కుడి ముంగాలు ఎత్తి ఉంటుంది. దొర కత్తిని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. ఇది జాగ్రత్తగా గుర్తుపెట్టుకో, ఎవరూ చెప్పరు. ఆయనది ఎడమచేతి వాటం. నాదీ అదే కాబట్టి ఆ దొర మీద నాకు మొదట్నుంచీ కాస్త అభిమానం. పరాయివాడైనా ఉలి పట్టినంతసేపూ మావాడే అనుకునేవాణ్ణి.

పద్నాలుగు సార్లు చెక్కాను ఆ బొమ్మని. ఒక బ్లాకు అరిగిపోతే ఇంకోటి. కళ్లు మూసుకున్నా గీతగీతా కనబడుతుంది. ధైర్యంగా చెప్పు, నీ వెనక నేనున్నాను.

మావయ్య

మార్చి 14

మావయ్యకి,

నువ్వు నా వెనక ఉన్నావు సరే. నా ముందు పన్నెండుమంది ఉన్నారు.

నిన్న మొదటిసారి ఒక గుంపుని అప్పగించి, పరీక్షకి ముందు అలవాటు చేసుకోమన్నారు. నీ ఉత్తరం బస్సులో వల్లెవేస్తూ వెళ్లి, గడగడా అందుకున్నాను. "ఎడమ పక్కన చూడండి, పెద్ద పోస్టాఫీసు" అన్నాను. పన్నెండు తలలూ అటు తిరిగాయి. అక్కడ నల్లకోట్లు వేసుకున్నవాళ్లు కాగితాల కట్టలతో మెట్లెక్కుతున్నారు. ఒక పెద్దాయన జేబులో ఉత్తరం పెట్టుకుని పోస్టాఫీసు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడట పాపం. నా మాట నమ్మి తిన్నగా లోపలికి వెళ్లిపోయాడు. కోర్టు జవాను ఆయన్ని ఏదో కేసులో సాక్షి అనుకుని అరగంట బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఈలోగా నేను మిగతావాళ్లకి కుడివైపున్న కోర్టుని చూపిస్తుంటే, వాళ్లు తపాలా బిళ్లలు కొనుక్కుని వస్తామన్నారు.

కంగారులో నేనే వెనక్కి తిరిగి నిలబడ్డానో, నువ్వే తిరగేసి రాశావో తెలియడం లేదు. ఆ గొడవలో సింహాల దాకా వెళ్లనేలేదు. వెంటనే జవాబు రాయి. పరీక్షకి పదకొండు రోజులే ఉన్నాయి.

అత్తయ్యని అడిగానని చెప్పు. ఆ రెండో టీ తిరిగి ఇచ్చేయమని కూడా చెప్పు.

వసపిట్ట

మార్చి 18

అమ్మాయీ,

నీకు ఎడమ ఏదో కుడి ఏదో తెలియకపోవడం ఈరోజు కొత్త కాదు. ఏడేళ్లు వచ్చేదాకా చెప్పులు అటుదిటూ ఇటుదటూ వేసుకుని, అవి కరుస్తున్నాయని మా ఇంటి గడపలో కూర్చుని ఏడ్చేదానివి. మార్చి వేసేవాణ్ణి నేనే.

జరిగిందేమిటో నేను చెబుతాను. గైడు అన్నవాడు గుంపుకి ఎదురుగా తిరిగి మాట్లాడతాడు. నీ వీపు గడియారానికి కాక బంగళాకి ఉండి ఉంటుంది. వాళ్ల మొహాలు ఎటున్నాయో నువ్వు చూసుకోలేదు. ఇంత చిన్న సంగతికి నన్ను అనుమానిస్తావా? ఆ పెద్దాయనకి నా తరఫున క్షమాపణ చెప్పు. సాక్ష్యం ఎలా చెప్పాడో కూడా రాయి.

ఈసారి గుంపుతోపాటు నువ్వూ గడియారానికే వీపు పెట్టి చెప్పు. పోస్టాఫీసూ కోర్టూ కళ్లెదురుగా ఉన్న కొండంత భవనాలు, బోర్డు చూసైనా చెప్పొచ్చు. పరీక్ష నెగ్గేది చిన్న విషయాల్లో. మూసిన కిటికీ, పగిలిన స్తంభం, మూతి లేని సింహం, ఎత్తిన కాలు, దొర ఎడమ చెయ్యి. ఈ అయిదూ నేను రాసింది రాసినట్టు చెప్పు. అక్షరం పొల్లుపోదు.

మీ అత్తయ్య ఇద్దరూ పోట్లాడుకుంటున్నారా అని అడుగుతోంది. లేదు, పాఠం చెబుతున్నానన్నాను.

మావయ్య

మార్చి 27

మావయ్యకి,

పోయింది. పరీక్ష పోయింది.

పోస్టాఫీసునీ కోర్టునీ బోర్డులు చూసి సరిగ్గా చెప్పాను. నువ్వన్న అయిదూ నువ్వు రాసినట్టే చెప్పాను. మూసి ఉంటుందన్న కిటికీలోంచి ఒకావిడ దుప్పటి దులుపుతోంది. పగిలిందన్న స్తంభం నున్నగా అద్దంలా ఉంది. మూతి లేదన్న సింహం కోరలన్నీ బయటపెట్టి నన్నే చూస్తోంది. అప్పటికైనా నోరు మూసుకోవాల్సింది. బట్టీ పట్టిన నోరు ఆగుతుందా? దొర ఎడమచేతి వాటం గురించి నీ అభిమానంతో సహా చెప్పేశాను. పరీక్ష పెట్టే ఆవిడ గొడుగు తెరిచి దాని మొనతో విగ్రహం కుడి చెయ్యి చూపించింది. కత్తి అందులోనే ఉంది. "ఆయన ఎప్పుడు చెయ్యి మార్చుకున్నాడమ్మా?" అని అడిగింది. తిట్టినా బాగుండేది.

షెడ్డులో అందరూ నన్ను ఎడమచేతి దొరసాని అని పిలుస్తున్నారు. ఏప్రిల్ ఇరవైన చివరి అవకాశం. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు చూసింది అసలు ఈ చౌకేనా? లేక నీకు మతిమరుపు గానీ మొదలైందా మావయ్యా?

వసపిట్ట

ఏప్రిల్ 2

అమ్మాయికి,

నీ పరీక్ష పోగొట్టినందుకు ముందు క్షమించు.

నీ చివరి మాట హాస్యానికే రాశావని నాకు తెలుసు. కానీ ఆ ఉత్తరం చదివింది మీ అత్తయ్య. ఆరోజు నా కళ్లద్దాలు కనబడలేదు. సాయంత్రానికి బియ్యం డబ్బాలో దొరికాయి. అవక్కడికి ఎలా వెళ్లాయో నాకు తెలియదు. టీ తాగి, టీ ఏదీ అని అడిగానట, రెండుసార్లు. ఇవన్నీ తను రెండు నెలలుగా లెక్క పెట్టుకుంటూ నాతో అనలేదు. నీ ఉత్తరం మడిచి పక్కన పెట్టి, మర్నాడు పొద్దున్నే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు కుర్రాడు మంచివాడే. తారీకు అడిగాడు, చెప్పాను. వంద నుంచి ఏడేసి తీసేయమన్నాడు, తీశాను. ఆఖరికి, మీకు బాగా తెలిసిందేదైనా గీయండి అని కాగితమిచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇరవై నిమిషాల్లో చౌక్ అంతా గీసి ఇచ్చాను. అతను దాన్ని చాలాసేపు చూశాడు. ఆ నగరంలోనే అయిదేళ్లు చదివాడట, రోజూ ఆ కోర్టు మెట్ల మీద కూర్చుని టీ తాగేవాడట. "ఇందులో ఏదీ ఉన్నచోట లేదు పెద్దాయనా" అని మెల్లగా అన్నాడు. మాత్రలు రాశాడు. నన్ను బయట కూర్చోమని మీ అత్తయ్యతో మాట్లాడాడు. ఒంటరిగా ఎక్కడికీ పంపవద్దన్నాడని తలుపు సందులోంచి విన్నాను. సైకిలు తాళం ఇప్పుడు తన కొంగున ఉంది.

ఆ కాగితం దీంతో పంపుతున్నాను. దాన్ని తీసుకెళ్లి చౌక్‌లో నిలబడి ఒక్కొక్కటీ పోల్చి చూడు. తప్పున్న చోట టిక్కు పెట్టి పంపు. దాచకు. నాకు భయంగా ఉంది తల్లీ. ఆ బొమ్మే తప్పయితే, నా తలలో ఇంకేది ఒప్పు అనుకోను?

నా ఉత్తరాలు చించెయ్యి. పుస్తకంలోవే చదువుకో.

మావయ్య

ఏప్రిల్ 6

మావయ్యా,

ఇది నిలబడి చదవకు. కూర్చో. అత్తయ్యని కూడా పిలువు.

నీ ఉత్తరం చూసి బాగా ఏడ్చాను. ఆ మాట రాసిన చేతిని నరుక్కోవాలనిపించింది. తర్వాత నువ్వు చెప్పినట్టే కాగితం తీసుకుని చౌక్‌కి వెళ్లాను. గడియారానికి వీపు పెట్టి ఒక్కొక్కటీ చూస్తూ టిక్కులు పెట్టాను. పెద్దవీ చిన్నవీ కలిపి పదిహేడు. పదిహేడూ తప్పే.

పోస్టాఫీసులోకి వెళ్లి, నీకేం రాయాలో తెలియక కూర్చున్నాను. అప్పుడు తట్టింది. మరిచిపోయేవాడు కొన్ని తప్పు చెబుతాడు, కొన్ని ఒప్పు చెబుతాడు. గుడ్డిగా చెప్పినా పదిహేడింటిలో ఏడెనిమిది కుదరాలి. నువ్వు ఒక్కటంటే ఒక్కటి కూడా ఒప్పు చెప్పలేదు. ఇంత నిక్కచ్చిగా తప్పు చెప్పాలంటే అన్నీ గుర్తుండాలి కదా?

కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెనక్కి తిప్పి అద్దానికి ఆనించాను. బయట ఎండ. పెన్సిలు గీతలు ఇవతలికి కనబడ్డాయి. మావయ్యా, చౌక్ అంతా ఉన్నది ఉన్నట్టు ఉంది. కుడివైపు నేను కూర్చున్న పోస్టాఫీసు, కుడి నుంచి మూడో కిటికీ మూసి ఉంది. ఎడమవైపు కోర్టు, ఎడమ నుంచి రెండో స్తంభానికి పగులు. ఎడమ సింహానికి మూతి లేదు. దొర కత్తి కుడి చేత్తోనే పట్టుకున్నాడు. పదిహేడూ ఒప్పే.

నీకు గుర్తున్నది చౌక్ కాదు, బ్లాకు. అచ్చు సరిగ్గా పడాలని నువ్వు ముప్ఫై ఒక్క ఏళ్లు తిరగేసి చెక్కావు. తిరగేసే గుర్తుపెట్టుకున్నావు. నీ తలకాయకి ఏమీ కాలేదు.

ఈ కాగితం తిరిగి పంపుతున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లి వెలుతురులో చూపించు. చూపించాక మళ్లీ నాకే పంపెయ్యి, ఇరవైలోపు నాకు దీంతో పనుంది.

నీ వసపిట్ట

ఏప్రిల్ 12

బంగారు తల్లికి,

కూర్చునే చదివాను. చదివి రెండు చేతులతో తల పట్టుకున్నాను. ఆ తల ఇంకా నాదేనని తెలిసి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మీ అత్తయ్యకి ఏది ముందు ఆపాలో తెలియలేదు.

బ్లాకు తిరగేసి చెక్కాలన్నది ప్రెస్సులో మొదటి రోజు నేర్పే పాఠం. నా కింద పని నేర్చుకున్న వాళ్లందరికీ నేనే చెప్పాను, మరిచిపోయినవాళ్లని తిట్టాను కూడా. అట్ట మీద బొమ్మ సరిగ్గానే పడేది. కానీ అచ్చు పై అంతస్తులో, నేను కింది గదిలో. పొద్దస్తమానం నా కళ్లెదుట ఉన్నది బ్లాకే. రిటైరై పదిహేనేళ్లు పోయాక తలలో అదే మిగిలింది.

ఇంకొకటి చెబుతాను. నేనా నగరానికి ఎన్నడూ రాలేదు. ప్రెస్సువాళ్లు నాలుగు ఫోటోలిచ్చారు, వాటిని చూసి చెక్కాను. పెళ్లయిన కొత్తలో గొప్పకి నాలుగు ఫోటోల్ని నాలుగు రోజులు చేసి చెప్పాను. నలభై రెండేళ్లుగా ఆ అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్కసారి వచ్చి ఉంటే ఈ తిరకాసు ఉండేదే కాదు. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు.

డాక్టరుకి కాగితం చూపించాను. బల్లదీపం ముందు పట్టుకుని, తిప్పి, మళ్లీ తిప్పి, తను టీ తాగిన మెట్టు ఏదో వేలు పెట్టి చూపించాడు. మాత్రలు ఆపేశాడు. చీటీలో ముందు రాసింది కొట్టేయలేదు గానీ దాని కింద ఇంకో రెండు వాక్యాలు రాశాడు. మీ అత్తయ్య మాత్రం తాళం ఇవ్వలేదు. బియ్యం డబ్బాలో కళ్లద్దాల్ని ఆ డాక్టరు ఎటు తిప్పి చూపిస్తాడో చూద్దామంటోంది.

నిజం చెప్పాలంటే నాక్కూడా పూర్తి ధైర్యం రాలేదు. నిన్న వీధి చివరిదాకా వెళ్లి, తిరిగి రావలసిన మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగిపోయాను. ఎప్పుడూ ఆగనివాణ్ణి.

కాగితం జతచేశాను. నెగ్గి రా.

మావయ్య

ఏప్రిల్ 21

మావయ్యకీ అత్తయ్యకీ నమస్కారాలు.

నెగ్గాను. లైసెన్సు ఈ క్షణం నా మెడలో వేలాడుతోంది. ఫోటోలో మాత్రం నేను దొంగలా ఉన్నాను.

నిన్న మొదలుపెట్టకముందే ఆవిడ, మీ దొర ఏ చెయ్యి వాడుతున్నాడని అడిగింది. ఇక దాచి లాభం లేదని నీ సంగతంతా చెప్పి, కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. గొడుగు ముడిచి చంకలో పెట్టుకుంది. కాగితం వెనక్కి తిప్పి ఎండకి ఎత్తి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని తనే చౌక్ అంతా తిరిగింది. పగులు దగ్గర ఆగింది, కిటికీలు లెక్కపెట్టింది. చౌక్‌కి రాని మనిషి ఇంత చూశాడా అని ఒకసారి, వచ్చేవాళ్లెవరూ ఇంత చూడరని ఒకసారి అంది. నేను మధ్యలో పుస్తకంలోని నాలుగు సంవత్సరాలు చెప్పాను, అవి విన్నట్టు లేదు.

రాని మనిషి అన్న మాట అత్తయ్య చదువుతుందని భయపడకు. తను మొన్న ఫోను చేసింది. నువ్వు రాలేదని పెళ్లయిన మూడో నెలలోనే తెలుసట, మీ ప్రెస్సు మేనేజరు భార్య చెప్పిందట. ఇంతకాలం ఎందుకు ఊరుకున్నావంటే, అంత ముచ్చటగా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదంది.

కాబట్టి ఇప్పుడు నిజంగా రండి. మే ఆరున రైలుకి రండి. పది గంటలకి స్టేషనులో ఉంటాను. ప్లాట్‌ఫారం మీదే నిలబడు, అత్తయ్య చెయ్యి వదలకు, నేనొచ్చేదాకా కదలకు. మా గైడుల గది ఇప్పుడు కోర్టు మెట్ల పక్కనే. అక్కడినుంచి అన్నీ నేనే చూపిస్తాను.

లైసెన్సు గల వసపిట్ట

మే 5, పదకొండు గంటలు, నీ బల్ల మీద

వసపిట్టా,

రేపు రమ్మన్నావు, ఇవాళే వచ్చాను. ఒక్కణ్ణే వచ్చాను. నేను ఆగలేకపోతుంటే మీ అత్తయ్య ఒకరోజు ముందుకే రెండు టికెట్లు కొంది. రైలు కదిలే ముందు, ఒక్కణ్ణే వెళ్లి చూడాలన్న కోరిక నా మొహంలో చూసి, ఒక టికెట్టు నా జేబులో పెట్టి రెండోది తీసుకుని దిగిపోయింది. తను రేపటి రైలుకి ఇంకో టికెట్టు కొనుక్కుని వస్తుంది. కిటికీ ఊచ పట్టుకుని కాస్త దూరం నడిచింది.

స్టేషను బయట ఎక్కిన బస్సు చౌక్ మూల మీద దింపింది. గడియారం దగ్గరికి వెళ్లి వీపు ఆనించి నిలబడ్డాను. ఎన్నేళ్లుగానో తెలిసిన మనిషి నన్ను గుర్తుపట్టనట్టు ఉంది. కళ్లు మూసుకుని నా బొమ్మ మొత్తం తిప్పేశాను. తెరిచేసరికి ఏదీ తప్పిపోలేదు. దొర దగ్గరికి వెళ్లి చూశాను. కుడిచేతివాడు. కాస్త నిరాశగానే ఉంది, కానీ ఆయన్ని క్షమించాను. పగిలిన స్తంభం పగుల్లో వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాను. నా ఉలి ఎక్కడ వంపు తిరిగేదో, వేలు సరిగ్గా అక్కడే తిరిగింది. చాలా సంతోషంగా ఉంది తల్లీ.

అక్కణ్ణుంచి మీ గది నాలుగడుగులు. నువ్వు గుంపుతో వెళ్లావని, మధ్యాహ్నం దాటుతుందని ఇక్కడివాళ్లు చెప్పారు. ఎవరైనా తోడు రావాలా అని అడిగారు. వద్దన్నాను. పోస్టాఫీసుకి వెళ్లి, ఇంటికి తిరిగి వెళ్లాక చదువుకునేలా మీ అత్తయ్యకి కార్డు వేసి, తర్వాత సింహాల దగ్గర కూర్చుంటాను.

నీ గుంపుని తొందరపెట్టకు, అంతా చూపించే రా. నేను ఎక్కడికీ తప్పిపోను.

మావయ్య